పేరులో ఊరు

2007 డిసెంబరులో, స్వీడన్‌లో ఉంటున్న భారతీయ మూలాల మనిషి ఒకాయన న్యూఢిల్లీలో ఒక ఆసుపత్రిలో చేరాడు. వచ్చే నెల స్వీడన్ తిరిగి వెళ్ళాక ఆయన మూత్రంలో క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బాక్టీరియా దొరికింది. అదేమీ వింత కాదు. వింతేంటంటే, మిగతా మందులు పనిచెయ్యనప్పుడు డాక్టర్లు బయటకు తీసే కార్బపెనెమ్‌లకి కూడా అది లొంగలేదు. ఆ మందుల్ని విరగ్గొట్టే ఎంజైము కొత్తది. 2009 డిసెంబరులో అచ్చయిన పేపర్లో దానికి పెట్టిన పేరు: న్యూఢిల్లీ మెటలో-బీటా-లాక్టమేజ్, పొట్టిగా ఎన్‌డీఎం-1.

ఇలా ఊరి పేరు పెట్టడం అప్పటికే ఉన్న అలవాటు. విమ్‌లో మొదటి అక్షరం ఇటలీలోని వెరోనా, ఎస్‌పీఎంలో ఉన్నది సావో పాలో, సిమ్‌లో సియోల్. అయితే అది అలవాటే గానీ రూలు కాదు. 1996లో అమెరికాలోని నార్త్ కరోలినాలో తీసిన నమూనాలో బయటపడి, తర్వాత న్యూయార్క్, ఇజ్రాయెల్, గ్రీస్ ఆసుపత్రుల్ని వణికించిన ఎంజైముకి బాక్టీరియా పేరు మీద కేపీసీ అని పెట్టారు. నార్త్ కరోలినా బతికిపోయింది.

అసలు గొడవ 2010 ఆగస్టులో మొదలైంది. మద్రాసు విశ్వవిద్యాలయం పరిశోధకుడు కార్తికేయన్ కుమారస్వామి, కార్డిఫ్‌కి చెందిన టిమొతీ వాల్ష్, ఇంకా చాలామంది కలిసి లాన్సెట్ ఇన్ఫెక్షస్ డిసీజెస్‌లో లెక్కలు పెట్టారు. ఎన్‌డీఎం-1 ఉన్న నమూనాలు చెన్నైలో 44, హర్యానాలో 26, బ్రిటన్‌లో 37, భారత్, పాకిస్తాన్‌లలోని మిగతా చోట్ల 73. బ్రిటన్ రోగులు 29 మందిలో 17 మంది అంతకుముందు ఏడాదిలో ఈ రెండు దేశాలకు వచ్చి వెళ్ళినవాళ్ళు. చవక ఆపరేషన్ల కోసం ఇక్కడికి రావడం ప్రమాదమన్న హెచ్చరిక కూడా ఆ పేపర్లో ఉంది. అంతే, మన మెడికల్ టూరిజంని దెబ్బతియ్యడానికి విదేశీ కంపెనీల కుట్ర అని పార్లమెంటులోనే మాటలు వినపడ్డాయి. 2011 జనవరిలో లాన్సెట్ ఎడిటర్ రిచర్డ్ హోర్టన్ ఢిల్లీ వచ్చి, ఆ పేరు పెట్టడం పొరపాటని క్షమాపణ చెప్పాడు.

పేరు మీద కోపం నాకు అర్థమవుతుంది. ఊరు మచ్చ మోస్తుంది, ఏళ్ళ తరబడి. కానీ ఆ కోపంలో ఒక విషయం పక్కకి పోయింది. లాన్సెట్ పేపర్ కంటే ముందే, 2010 మార్చిలో, ముంబై హిందూజా ఆసుపత్రి వాళ్ళు మన డాక్టర్ల పత్రికలోనే రాశారు: కార్బపెనెమ్‌లకి లొంగని 24 నమూనాల్లో 22 ఎన్‌డీఎం-1వే. దాన్ని ఏ విదేశీ కుట్ర ఖాతాలో వెయ్యాలి?

ఇక్కడ ‘మొదట దొరికింది’ అన్న మాటకి, ‘పుట్టింది’ అన్న మాటకి తేడా చూడాలి. గిట్‌లో ‘బ్లేమ్’ కమాండ్ కొడితే ఆ లైనుని ఆఖరుసారి ఎవరు ముట్టుకున్నారో చెప్తుంది, తప్పెవరిదో చెప్పదు. 2006-07లో ఢిల్లీ, ముంబై, పుణే ఆసుపత్రుల్లో తీసి దాచిన నమూనాల్ని తర్వాత మళ్ళీ పరీక్షిస్తే, 15 నమూనాల్లో ఈ జీను దొరికింది. అంటే స్వీడన్ రోగి కంటే ముందునుంచే ఇది మన దగ్గర తిరుగుతోంది. నమూనాల్ని ఎవరో ఫ్రీజర్లో దాచబట్టి తెలిసింది. దాచని ఊళ్ళ చరిత్ర ఎక్కడా లేదు. మ్యాపులో మచ్చ లేని దేశమంటే రోగం లేని దేశమనా, ల్యాబ్ లేని దేశమనా?

వంశవృక్షం గీద్దామన్నా కుదరదు. ఈ జీను ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చక్రం మీద ఎక్కి ఒక జాతి బాక్టీరియా నుంచి ఇంకో జాతికి దూకుతుంది. క్లెబ్సియెల్లా వెనక పడితే అది ఈ-కోలైలో తేలుతుంది. ఇంకా విచిత్రం, ఎన్‌డీఎం-1 ప్రొటీన్లో మొదటి ఆరు అమైనో ఆమ్లాలు వేరే మందుని ఎదిరించే ఇంకో జీను నుంచి వచ్చాయి. ఎక్కడిదో కోడ్ ముక్క తెచ్చి అతికించినట్టే. ఆ అతుకు బహుశా ఏసినెటోబాక్టర్ అనే వేరే బాక్టీరియాలో పడి ఉంటుందని 2012లో తేల్చారు. దానికి పాస్‌పోర్టు ఏ దేశానిదివ్వాలి?

పేరు గొడవ కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది నీళ్ళ సంగతి. వాల్ష్ బృందం ఢిల్లీలో రోడ్ల పక్క గుంటల్లో, మడుగుల్లో 171, కుళాయిల్లో 50 నమూనాలు తీసింది. ఈ జీను గుంటల నీటిలో 51 చోట్ల, తాగే నీటిలో 2 చోట్ల దొరికింది. 2011 ఏప్రిల్‌లో ఇది అచ్చయింది. ఆపరేషన్ కోసం విమానం దిగినవాడి సంగతి సరే, కుళాయి దగ్గర బిందె పెట్టినవాళ్ళ మాటేంటి?

ఢిల్లీ దాకా ఎందుకు. గచ్చిబౌలి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే పటాన్‌చెరు ఎంతో దూరం లేదు. అక్కడ సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరే శుద్ధి కేంద్రం నుంచి బయటకొచ్చే నీటిని స్వీడన్‌కే చెందిన జొవాకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ప్రచురించింది. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. రోజుకి 45 కిలోలు పోతోందని అంచనా. స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడేంత! ఎన్‌డీఎం అక్కడ పుట్టిందని నేననడం లేదు, ఆ మందు తరగతి కూడా వేరు. కానీ మందు కలిసిన నీళ్ళలో ఏ బాక్టీరియా మిగులుతుందో చెప్పడానికి పెద్ద చదువక్కర్లేదు. బిళ్ళలు ప్రపంచమంతా వెళ్తాయి, కడిగిన నీళ్ళు మాత్రం ఇక్కడే ఉంటాయి.

క్షమాపణ వచ్చింది గానీ పేరు మారలేదు. 2013లో ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో తీసిన మట్టిలోనూ ఈ జీను దొరికింది. పక్షుల రెట్టలతోనో మనుషులతోనో వచ్చి ఉంటుందన్నారు. 2016లో అమెరికాలోని రీనోలో చనిపోయిన ఒక పెద్దావిడ శరీరంలోని క్లెబ్సియెల్లా, ఆ దేశంలో దొరికే 26 యాంటీబయాటిక్స్‌కీ లొంగలేదు. అందులోనూ ఎన్‌డీఎం ఉంది. ఆవిడ తొడ ఎముక విరిగి ఇండియాలో ఆసుపత్రుల్లో ఉండి వెళ్ళింది. ఇప్పుడు పీసీఆర్ రిపోర్టుల్లో కేపీసీ, విమ్, ఓక్సా-48 పక్కనే ఎన్‌డీఎం అన్న మూడక్షరాలు ఉంటాయి, పాజిటివ్ అనో నెగటివ్ అనో. ఢిల్లీ అని విడదీసి చదివేవాళ్ళు తక్కువే.