బొమ్మ సైనికుల ధరల పట్టికలు

లండన్ నగరమున బ్రిటన్స్ సంస్థవారు 1893లో బోలుగా పోతపోసిన సీసపు సైనికుల బొమ్మలను అమ్మకమునకు తెచ్చిరి. వాని ధరల పట్టికలను బొమ్మలు కొన్న పిదప పెక్కురు పారవేసిరి. సీసపు బొమ్మల తయారీ 1966లో నిలిచిపోయినది. ఏ దళపు బొమ్మ ఏ యేట, ఎంత వెలకు వెలువడెనో తెలుపుటకు నేడు ఆ పట్టికలే ఆధారము. మదరాసు దేశీయ పదాతిదళపు బొమ్మలను సైతము వారు చేసిరి. ఆ మదరాసు సైన్యమున తెలుగువారెందరో కొలువు చేసిరి.

చౌక కాగితము తనలోని ఆమ్లముచే పసుపువారి పెళుసగును. ఇనుప పిన్నులు త్రుప్పుపట్టి దానిని తినివేయును. కావున పిన్నులు తీసి, ఆమ్లములేని కాగితముల నడుమ, ఎండయు తేమయు సోకని చోట పరచి యుంచవలెను.

మన పెట్టెలలోని శుభలేఖలకును, సమాజపు కరపత్రములకును ఈ జాగ్రత్తయే తగునని మేము తలంతుము. పరభాషా ప్రాంతమున తరతరములుగా నిలిచిన మన బ్రతుకునకు రేపటి సాక్ష్యములు అవియే కదా!