అత్యవసర వైద్య సిబ్బంది వృత్తి భద్రత

అత్యవసర వైద్య సిబ్బంది వృత్తి భద్రత అనగా రోడ్డు ప్రమాదం, గుండెపోటు, ప్రసవం, పాముకాటు, విషం మింగడం వంటి అత్యవసర పరిస్థితులలో ఆసుపత్రికి వెలుపల చికిత్స చేసి, రోగిని ఆసుపత్రికి చేర్చే ఉద్యోగులకు విధి నిర్వహణలో ఎదురయ్యే అపాయాలు మరియు వాటి నివారణకు సంబంధించిన అంశం. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఈ పని చేసేవారు ప్రధానంగా 108 అంబులెన్సు సిబ్బంది. సాధారణంగా ఒక్కొక్క వాహనంలో ఇద్దరు ఉంటారు. ఒకరు అత్యవసర వైద్య సాంకేతిక నిపుణుడు (ఇ.ఎం.టి.), రెండవ వారు వాహన చోదకుడు. ఈ సేవలో చోదకుని "పైలట్" అని పిలుస్తారు.

ఈ వృత్తి శిక్షణలో నేర్పే మొదటి సూత్రం "ముందు నీ క్షేమం, తరువాత తోటి ఉద్యోగి క్షేమం, ఆ తరువాత రోగి" అన్నది. వినడానికి ఇది స్వార్థంగా తోచవచ్చు. కాని రక్షించడానికి వెళ్ళిన వ్యక్తి గాయపడితే బాధితుల సంఖ్య ఒకటి పెరుగుతుంది, సహాయకుల సంఖ్య ఒకటి తగ్గుతుంది. ఇద్దరే ఉన్న వాహనంలో ఒకరు పడిపోతే ఆ రోగికి అందవలసిన సేవ ఆగిపోతుంది. అయితే ఈ సూత్రాన్ని పాటించడం ఉద్యోగి జాగ్రత్త ఒక్కదానిపైనే ఆధారపడి లేదు. పని గంటలు, వాహనం, పరికరాలు, చట్టం, ప్రజల ప్రవర్తన కూడా అందుకు అవసరం.

నేపథ్యం

ఆసుపత్రికి చేరకముందే చికిత్స ప్రారంభించాలనే ఆలోచన 1960లలో బలపడింది. 1966లో ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ నగరంలో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అనే హృద్రోగ వైద్యుడు గుండెపోటు రోగుల కొరకు సంచార చికిత్సా వాహనాన్ని ప్రవేశపెట్టాడు. 1967లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో ఫ్రీడమ్ హౌస్ అంబులెన్సు సేవ మొదలయింది. అందులో ఉద్యోగులుగా చేరిన నల్లజాతి యువకులకు డా. పీటర్ సాఫర్ రూపొందించిన పద్ధతిలో శిక్షణ ఇచ్చారు.

భారతదేశంలో చాలాకాలం పాటు అంబులెన్సు అంటే రోగిని మోసుకుపోయే వాహనం మాత్రమే. గ్రామాలలో ఆటోలు, జీపులు, ట్రాక్టర్లే ఆ పని చేసేవి. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న అత్యవసర యాజమాన్య పరిశోధనా సంస్థ (ఇ.ఎం.ఆర్.ఐ.) 108 సేవలను ప్రారంభించింది. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు ఈ సంస్థను స్థాపించాడు. 2009లో సత్యం కుంభకోణం బయటపడిన తరువాత జి.వి.కె. సంస్థ దీని బాధ్యతను స్వీకరించింది. 2014లో రాష్ట్రం విడిపోయిన తరువాత రెండు రాష్ట్రాలలోనూ 108 సేవ కొనసాగింది. 2020 జూలై 1న ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 108, 104 సేవలకు చెందిన 1,088 వాహనాలను విజయవాడలో ఒకే రోజున ప్రారంభించింది.

విధుల స్వరూపం

108కి వచ్చిన పిలుపును కేంద్రంలోని ఉద్యోగి స్వీకరించి, చిరునామా, రోగి పరిస్థితి తెలుసుకొని దగ్గరలోని వాహనానికి సమాచారం ఇస్తాడు. ఘటనా స్థలానికి చేరిన ఇ.ఎం.టి. రోగిని పరీక్షించి, అవసరమైన చోట కేంద్రంలోని వైద్యుని ఫోను ద్వారా సంప్రదించి చికిత్స చేస్తాడు. ఆసుపత్రికి వెళ్ళే దారిలో వెనుక భాగంలో రోగితో పాటు అతడొక్కడే ఉద్యోగిగా ఉంటాడు. రక్తస్రావం ఆపడం, ప్రాణవాయువు అందించడం, సెలైన్ ఎక్కించడం, రోగి బంధువులకు ధైర్యం చెప్పడం అన్నీ అతడే చేయాలి. దారి మధ్యలో వాహనంలోనే ప్రసవం చేయవలసి రావడం కూడా తరచు జరిగేదే.

ఆసుపత్రి ఉద్యోగులకు వెలుతురు, నీరు, తోటి సిబ్బంది, కాపలా అందుబాటులో ఉంటాయి. అంబులెన్సు సిబ్బంది పనిచేసే చోటు పొలం గట్టు, జాతీయ రహదారి, ఇరుకు మేడమెట్లు, తిరునాళ్ళ గుంపు ఏదైనా కావచ్చు. ఈ వృత్తిలోని అపాయాలలో అధిక భాగానికి మూలం ఈ తేడాయే.

ప్రధాన అపాయాలు

రహదారి ప్రమాదాలు

వేగంగా వెళ్ళే వాహనమే ఈ ఉద్యోగులకు మొదటి అపాయం. ముందు కూర్చున్న పైలట్‌కు సీటు బెల్టు ఉంటుంది. వెనుక ఉన్న ఇ.ఎం.టి. మాత్రం రోగికి చికిత్స చేయడానికి తరచు నిలబడవలసి వస్తుంది. గుండె ఆగిన రోగికి నిమిషానికి 100 నుండి 120 సార్లు, 5 నుండి 6 సెంటీమీటర్ల లోతున ఛాతీని నొక్కాలి. కదిలే వాహనంలో ఈ పని చేసే వ్యక్తి బెల్టు పెట్టుకోలేడు. అకస్మాత్తుగా బ్రేకు వేస్తే అతడు ఎదుటి గోడకు కొట్టుకుంటాడు. సరిగా బిగించని ప్రాణవాయువు సిలిండరు, మందుల పెట్టె కూడా అటువంటి సమయంలో ఎగిరి వచ్చి గాయపరుస్తాయి. అందువలన వీలైనంత చికిత్సను వాహనం కదలక ముందే పూర్తిచేయడం, పరికరాలన్నిటినీ బిగించి ఉంచడం, మలుపులలో వేగం తగ్గించడం అవసరం. భారతదేశంలో అంబులెన్సుల నిర్మాణానికి ఏ.ఐ.ఎస్.-125 అనే ప్రమాణం ఉంది. ఇది వాహనాలను ఎ, బి, సి, డి అనే నాలుగు రకాలుగా విభజిస్తుంది.

రహదారిపై జరిగిన ప్రమాద స్థలంలో వెనుక నుండి వచ్చే వాహనాలు మరొక ముప్పు. రాత్రివేళ లారీ ఢీకొన్న చోట వంగి పనిచేసే వ్యక్తి దూరం నుండి వచ్చే చోదకునికి కనిపించడు. వెలుతురుకు మెరిసే కోటు ధరించడం, హెచ్చరిక దీపాలు వెలిగించి ఉంచడం, రాకపోకలను ఆపడానికి పోలీసుల సహాయం కోరడం దీనికి నివారణ మార్గాలు.

ఘటనా స్థలంలోని అపాయాలు

తెగిపడిన విద్యుత్తు తీగ చూడడానికి నిర్జీవంగా ఉన్నా అందులో ప్రవాహం ఉండవచ్చు. తడి పొలంలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. విద్యుత్తు సిబ్బంది సరఫరా ఆపినట్లు నిర్ధారించే వరకు కనీసం పది మీటర్ల దూరంలో ఉండాలి.

పాడుబడిన బావులు, సెప్టిక్ ట్యాంకులు, మురుగు కాలువ గుంతలలో హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి విషవాయువులు చేరి ఉంటాయి. తక్కువ మోతాదులో ఈ వాయువు కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు వాసన గ్రహించే శక్తిని కోల్పోతుంది. వాసన లేదు కనుక అపాయం లేదనుకొని దిగినవారు క్షణాలలో స్పృహ తప్పుతారు. 2015 నవంబరులో కేరళలోని కోళిక్కోడ్ నగరంలో మురుగు గుంతలో చిక్కుకున్న ఇద్దరు ఆంధ్ర ప్రదేశ్ కార్మికులను కాపాడడానికి దిగిన ఒక ఆటో డ్రైవరు వారితో పాటు మరణించాడు. ఇటువంటి చోట శ్వాస పరికరాలున్న అగ్నిమాపక సిబ్బంది మాత్రమే దిగాలి. అంబులెన్సు సిబ్బంది పని గట్టుపై మొదలవుతుంది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. ఇటువంటి రసాయన ప్రమాదాలలో వాహనాన్ని గాలి వీచే దిక్కును గమనించి, ఆవిరి తమ వైపు రాని చోట, ఎత్తైన ప్రదేశంలో నిలపాలి.

రక్తం ద్వారా, గాలి ద్వారా సోకే వ్యాధులు

కదిలే వాహనంలో సూది గుచ్చుకోవడం సులభం. హెచ్.ఐ.వి. ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే వ్యాధి సోకే అవకాశం సుమారు 0.3 శాతం. టీకా తీసుకోని వ్యక్తికి హెపటైటిస్-బి సోకే అవకాశం 6 నుండి 30 శాతం వరకు ఉంటుంది. భయం హెచ్.ఐ.వి. పట్ల ఎక్కువగా ఉన్నప్పటికీ, అసలు ముప్పు రెండవ దానిలోనే అధికం. దీనికి 0, 1, 6 నెలలలో మూడు మోతాదుల టీకా ఉంది. వాడిన సూదికి తిరిగి మూత పెట్టకుండా నేరుగా గట్టి డబ్బాలో వేయడం ప్రధాన నివారణ.

సూది గుచ్చుకున్నప్పుడు చేయవలసినవి:

* గాయాన్ని సబ్బు, నీటితో కడగాలి. పిండి రక్తం తీయరాదు. బ్లీచింగ్ వంటి ఘాటైన ద్రవాలు పోయరాదు.
* కంట్లో రక్తం పడితే మంచినీటితో లేదా సెలైన్‌తో బాగా కడగాలి.
* వెంటనే పై అధికారికి తెలిపి, ఘటనను నమోదు చేయించాలి.
* హెచ్.ఐ.వి. నివారణ మందులను వీలైతే రెండు గంటలలోపు, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటలలోపు ప్రారంభించి 28 రోజులు వాడాలి.

క్షయ, కోవిడ్-19 వంటివి గాలి ద్వారా సోకుతాయి. మూసిన వాహనంలో ఈ ముప్పు హెచ్చు. ఎన్-95 మాస్కు ధరించడంతో పాటు కిటికీ తెరవడం, గాలిని బయటకు పంపే పంకా వాడడం అవసరం.

పురుగుమందుల విషం

తెలుగు జిల్లాలలో సిబ్బందికి తరచు ఎదురయ్యే పిలుపులలో పురుగుమందు తాగడం ఒకటి. ఆర్గానోఫాస్ఫేటు మందులు చర్మం ద్వారా కూడా శరీరంలో ప్రవేశిస్తాయి. రోగి వాంతి, తడిసిన దుస్తులు సిబ్బందికి కూడా హాని కలిగించగలవు. ఈ రసాయనాలకు సాధారణ రబ్బరు తొడుగుల కంటే నైట్రైల్ తొడుగులు మేలు. దుస్తులు తొలగించి చర్మం కడిగిన తరువాతనే, కిటికీలు తెరిచి ప్రయాణించాలి. సిబ్బందిలో ఎవరికైనా తలనొప్పి, వికారం, కళ్ళు మసకబారడం కనిపిస్తే దానిని అలసటగా భావించి వదిలివేయరాదు.

వెన్ను, కండరాల గాయాలు

లిఫ్టు లేని భవనంలో మూడవ అంతస్తు నుండి రోగిని దించడం, కాలువ గట్టు మీదుగా మోయడం వలన నడుము నొప్పి ఈ ఉద్యోగులలో సర్వసాధారణం. నడుము వంచకుండా మోకాళ్ళు వంచి, బరువును ఒంటికి దగ్గరగా ఉంచి ఎత్తాలి. మోస్తూ నడుము తిప్పరాదు. ఇద్దరితో సాధ్యం కానప్పుడు సహాయం అడగడం తప్పు కాదు. అయితే సహాయానికి వచ్చినవారికి ఎక్కడ పట్టుకోవాలో, ఎవరి మాటపై ఎత్తాలో ముందుగా చెప్పాలి.

హింస

ఆలస్యమయిందన్న కోపంతో గుంపు సిబ్బందిపై చేయి చేసుకోవడం, వాహనం అద్దాలు పగలగొట్టడం జరుగుతూ ఉంటుంది. వాహనం వేరొక రోగి వద్ద నుండి వస్తున్న సంగతి, చిరునామా సరిగా తెలియని సంగతి అక్కడివారికి తెలియదు. అప్పటికే మరణించిన వ్యక్తి విషయంలో ఈ ముప్పు మరీ ఎక్కువ. మద్యం సేవించినవారు, ఇరు వర్గాల కొట్లాటలో గాయపడినవారు, స్పృహ సరిగా లేని రోగులు కూడా దాడి చేయవచ్చు.

అందువలన వాహనాన్ని తిరిగి బయటకు పోయే దిశలో నిలపడం, గదిలో తలుపుకు అడ్డంగా ఇతరులు నిలబడకుండా చూసుకోవడం, ఇద్దరూ ఒకరికొకరు కనిపించేలా ఉండడం మంచిది. కొట్లాట జరుగుతున్న చోటికి పోలీసులు రాకముందు వెళ్ళరాదు. మాటలతో శాంతించని పరిస్థితిలో వెనుకకు తగ్గి 100 లేదా 112కు తెలపాలి. శాంతంగా, పేరుతో, వరుసతో పలకరించి, చేస్తున్న పని ఏమిటో వివరిస్తూ ఉండడం చాలా సందర్భాలలో కోపాన్ని తగ్గిస్తుంది.

మానసిక ఒత్తిడి, అలసట

చిన్నపిల్లల మరణాలు, సామూహిక ప్రమాదాలు, తనకు తెలిసినవారే రోగిగా ఎదురుపడడం వంటివి సిబ్బంది మనసుపై దీర్ఘకాలం ప్రభావం చూపుతాయి. నిద్రలేమి, ఆ దృశ్యాలు మళ్ళీ మళ్ళీ గుర్తుకు రావడం, చిరాకు, మద్యపానం పెరగడం హెచ్చరిక చిహ్నాలు. ఘటన జరిగిన వెంటనే ఒకే ఒక సమావేశంలో అనుభవాలన్నీ చెప్పించడం వలన తరువాతి మానసిక రుగ్మతలు తగ్గుతాయనడానికి ఆధారం లేదని 2002 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. తోటివారి అండ, విశ్రాంతి, అవసరమైనప్పుడు నిపుణుని సలహా మేలు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి-మానస్ (14416) ద్వారా మానసిక సలహా ఉచితంగా లభిస్తుంది.

పన్నెండు గంటల పని వేళలు ఈ రంగంలో సాధారణం. 1997లో నేచర్ పత్రికలో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారం 17 గంటలు మేల్కొని ఉన్న వ్యక్తి పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న వ్యక్తి పనితీరుతో సమానం. భారతదేశంలో వాహన చోదకులకు చట్టం అనుమతించే హద్దు 0.03 శాతం మాత్రమే. పని గంటలు, జీతాలు, ఉద్యోగ భద్రత విషయమై 108 ఉద్యోగులు పలుమార్లు సమ్మెలు చేశారు. ఇవి కేవలం ఆర్థిక సమస్యలు కావు. నిద్ర లేని పైలట్ నడిపే వాహనంలో రోగి కూడా ఉంటాడు.

చట్టపరమైన రక్షణ

* ఆంధ్ర ప్రదేశ్ 2008 చట్టం: వైద్య సేవకులపై హింస, వైద్య సంస్థల ఆస్తి ధ్వంసానికి మూడేళ్ళ వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఇది బెయిలు లభించని నేరం. చట్టంలో పారామెడికల్ ఉద్యోగుల ప్రస్తావన ఉంది.
* అంటువ్యాధుల చట్ట సవరణ, 2020: మహమ్మారి కాలంలో వైద్య సిబ్బందిపై హింసకు మూడు నెలల నుండి ఐదేళ్ళ వరకు, తీవ్ర గాయమైతే ఆరు నెలల నుండి ఏడేళ్ళ వరకు జైలు శిక్ష.
* మోటారు వాహనాల చట్టం, 2019 సవరణ: అంబులెన్సుకు దారి ఇవ్వనివారికి ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా లేదా రెండూ.
* అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం, 2021: అత్యవసర వైద్య సాంకేతిక నిపుణులను గుర్తింపు పొందిన వృత్తులలో చేర్చింది.

చట్టం నేరం జరిగిన తరువాత శిక్షించడానికి ఉపయోగపడుతుంది. దాడి జరిగే క్షణంలో రోడ్డు మీద ఉన్న ఇద్దరు ఉద్యోగులకు తక్షణ రక్షణ అక్కడ ఉన్న ప్రజలే. ప్రతి దాడిని, ప్రతి సూది గాయాన్ని నమోదు చేయించడం కూడా ముఖ్యం. నమోదు కాని గాయానికి పరిహారం పొందడం కష్టం.

ప్రజలు చేయవలసినవి

* పిలిచినప్పుడు ఊరు, వీధి, దగ్గరి గుర్తు స్పష్టంగా చెప్పాలి. ఫోను అందుబాటులో ఉంచాలి.
* ఒకరు వీధి మొదట నిలబడి దారి చూపాలి. రాత్రివేళ దీపం చూపించాలి.
* కరెంటు తీగ, గ్యాసు, కుక్క, కొట్లాట వంటివి ఉంటే ముందుగానే తెలపాలి.
* రోగి చుట్టూ గుంపుగా చేరకుండా, చికిత్సకు చోటు ఇవ్వాలి.
* సిబ్బంది అడిగితే మోయడానికి సహాయపడాలి.

ఇవి కూడా చూడండి

* 108 సేవలు
* ప్రథమ చికిత్స
* అంబులెన్సు
* హెపటైటిస్-బి