నడుమనున్నవానిని నమ్మవలెనా?



జాబు వ్రాసినవానికిని, అందుకొనువానికిని నడుమ ఎన్ని చేతులు మారునో మీరెరుగుదురు. తంతివార్తల కాలమునను నడుమ కచేరీలలోని గుమాస్తా వార్తను గ్రహించి మరల పంపుచుండెను. గ్రహించుట యనగా తెలిసికొనుటయే. ఈ శంకను తీర్చు మార్గ మొకటి, చిత్రముగా, ఒక ఆక్షేపణనుండి పుట్టినది.

1935లో ఐన్‌స్టీను, పొడోల్‌స్కీ, రోజెన్ అను మువ్వురు క్వాంటం సిద్ధాంతము అసంపూర్ణమని వాదించిరి. జంటగా ముడిపడిన రెండు కణములలో ఒకదానిని కొలిచినచో, ఎంత దూరమున నున్నను, రెండవదాని స్థితియు నిర్ణయమగునని ఆ సిద్ధాంతము చెప్పుచున్నది. ఇది వారికి సమ్మతము కాలేదు. 1964లో జాన్ బెల్ దీనిని పరీక్షించు మార్గము చూపెను. 1982లో ఫ్రాన్సుదేశమున ఆస్పే బృందము చేసిన ప్రయోగములు సిద్ధాంతమునకే బలము చేకూర్చినవి.

ఈ ముడివలన వార్త క్షణములో ఎగిరిపోవునని తలపరాదు. కాని జాబును మరుగుపరచు గుప్తాంకమును ఇరువురును దీనివలన పొందవచ్చునని 1991లో ఎకర్ట్ చూపెను. నడుమ నెవడైన తొంగిచూచినచో ముడి చెడి, వాని దొంగతనము బయటపడును.

చిక్కంతయు దూరముతోనే. గాజుతంతువున 100 కిలోమీటర్లు పోవుసరికి నూరు కాంతికణములలో సుమారొకటియే మిగులును. నకలు తీసి పంపుదమన్న, తెలియని క్వాంటంస్థితికి నకలు తీయుట అసాధ్యమని 1982లోనే నిరూపితమైనది.

1993లో జుకోవ్‌స్కీ, జైలింగర్ మొదలగువారు ఉపాయము చెప్పిరి. నడుమ మజిలీవాడు ఇరుప్రక్కలనుండి వచ్చిన చెరియొక కణమును కలిపి కొలిచినచో, ఎన్నడును కలియని కొసకణములు రెండును ముడిపడును. ఫలితమును మామూలు తీగెపై కొసలకు తెలిపిన చాలును. గుప్తాంకము వానికి తెలియదు. 1998లో ఇన్స్‌బ్రుక్ నగరమున ఇది ప్రయోగరూపమున నెరవేరినది.

2017లో చీనాదేశమున బీజింగు, షాంఘై నగరముల నడుమ 2000 కిలోమీటర్లకు పైబడిన మార్గము తెరవబడినది. అందలి 32 మజిలీలవారిని నమ్మక తప్పదు. గుప్తాంకము వారికి తెలియును. ఆ యేడే ఆ దేశపు ఉపగ్రహము 1200 కిలోమీటర్ల దూరమున నున్న రెండు తావులకు ముడికణములను పంచెను. 2021లో హాలండుదేశమున డెల్ఫ్ట్ నగరమువారు మూడు మజిలీలను కలిపి, కొసలు రెండింటిని నడుమదాని ద్వారా ముడివేసిరి.

ఇక మిగిలినది దారి నెన్నుకొను విద్య. ముడి పడుట అదృష్టాధీనము. పడినను త్వరలో సడలును. కావున దగ్గరి దారియే మేలైన దారి కాదు. ముడులన్నియు ఒక్కవేళ నిలిచియుండు దారియే మేలు. బండి కట్టునాడు ఏ వాగు పొంగినదో విచారించు మీకు ఇది క్రొత్త కాదు.

నడుమనున్నవాడు మంచివాడు కావలెనని కోరుట పాతపద్ధతి. వాడెట్టివాడైనను రహస్యము చెడకుండుట ఈ విద్య యొక్క ఆశయము.