ఢిల్లీలో పోయిన మన్సబు రంపలో ఎలా మిగిలింది?

ఈసారి పోస్టు కొంచెం పొడుగు, తీరిగ్గా చదవండి.

పోటీ పరీక్షల పుస్తకాల్లో మొఘల్ సామ్రాజ్యం అంటే 1526 పానిపట్టు, అక్బరు, తాజ్‌మహల్, ఔరంగజేబు, అంతే. మన కొండల పేరు గానీ, కోనసీమ పేరు గానీ ఎక్కడా కనపడదు. అందుకే మనవాళ్ళు కూడా "అది ఢిల్లీ వాళ్ళ గోల, మనకెందుకు" అనుకుని బిట్లు బట్టీపట్టి వదిలేస్తారు. కానీ ఆ కొలువులో పుట్టిన ఒక్క మాట పట్టుకుని నడిస్తే తిన్నగా రంప కొండల్లోకి వచ్చి చేరతాం. ఆ మాట మన్సబుదారు.

మన్సబు అంటే పదవి, హోదా. 1570ల్లో అక్బరు తన కొలువులో ఉన్నవాళ్ళందరికీ అంకెలు కట్టాడు. జాత్ అనే అంకె ఆ మనిషి స్థాయి ఎంతో, జీతం ఎంతో చెప్తుంది. సవార్ అనే అంకె అతను ఎన్ని గుర్రపు రౌతుల్ని పోషించాలో చెప్తుంది. జీతం ఎక్కువమందికి రొక్కంగా ఇవ్వరు, ఫలానా ఊళ్ళ శిస్తు వసూలు చేసుకో అంటారు. దాన్నే జాగీరు అన్నారు. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి, తర్వాత పనికొస్తుంది. మన్సబు తండ్రి నుంచి కొడుక్కి వారసత్వంగా రాదు. జాగీరు కూడా ఒకేచోట ఉండదు, కొన్నేళ్ళకోసారి మారుస్తారు. ఎవడూ ఒక ప్రాంతంలో పాతుకుపోయి పాదుషాకి ఎదురు తిరగకుండా చేసిన ఏర్పాటు అది. సామ్రాజ్యం బలమంతా అందులోనే ఉంది. దాని చెరుపు కూడా అందులోనే ఉంది. రెండేళ్ళలో వేరేచోటికి పోయేవాడు ఊరి చెరువు బాగుచేయిస్తాడా? దొరికినకాడికి రైతు దగ్గర పిండుకుని పోతాడు.

మన గోదావరి ప్రాంతం అప్పట్లో గోల్కొండ కుతుబ్‌షాహీల కింద ఉండేది. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు కోటని ముట్టడించి, చివరికి లోపలివాళ్ళకి డబ్బిచ్చి తలుపు తీయించుకుని పట్టుకున్నాడు. తానీషాని దౌలతాబాదు కోటలో బందీగా పెట్టాడు. దీన్ని హిందూ ముస్లిం గొడవగా చెప్పే ఫార్వర్డులు మన ఫోన్లలో చాలా తిరుగుతున్నాయి. ఓడినవాడూ ముస్లిమే, గెలిచినవాడూ ముస్లిమే. తానీషా ప్రధానమంత్రి మాదన్న బ్రాహ్మణుడు. ఔరంగజేబు మన్సబుదార్లలో రాజపుత్రులు, మరాఠాలు బోలెడుమంది. అది శిస్తు కోసం, నేల కోసం జరిగిన యుద్ధం.

గెలిచాక అసలు కష్టం మొదలైంది. లొంగిపోయిన బీజాపూరు, గోల్కొండ సర్దార్లకీ, మరాఠా సర్దార్లకీ కొత్తగా మన్సబులు ఇవ్వాల్సొచ్చింది. ఇచ్చారు సరే, చూపించడానికి జాగీర్లు చాల్లేదు. ఇరవై అయిదేళ్ళు దక్కనులోనే యుద్ధం చేసి 1707లో ఔరంగజేబు పోయాడు. ఆ తర్వాత ఎక్కడివాళ్ళు అక్కడే సొంతంగా ఏలుకోవడం మొదలెట్టారు. 1724 నుంచి దక్కను నిజాం చేతికి పోయింది, మన రాజమండ్రి సర్కారు కూడా దాంతోపాటే. 1753లో నిజాం సలాబత్ జంగ్ సర్కార్లని ఫ్రెంచి బుస్సీకి అప్పజెప్పాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచివాళ్ళని ఓడించారు. 1765లో పాదుషా షా ఆలం ఉత్తర సర్కార్లని కంపెనీకి ఇస్తున్నట్టు ఫర్మానా రాసిచ్చాడు. అప్పుడు ఆయన ఢిల్లీలో కూడా లేడు, అలహాబాదులో కంపెనీ నీడలోనే బతుకుతున్నాడు. చేతిలో లేని నేలని ఒక కాయితంతో దానం చేశాడు.

కంపెనీ పాత యంత్రాన్ని పారెయ్యలేదు, తుడిచి వాడుకుంది. అమలాపురమైనా, రాజోలైనా, కొత్తపేటైనా కులం సర్టిఫికెట్‌కి మనం తిరిగేది తహసీల్దారు ఆఫీసుకే. అడంగల్ తీస్తే పైన ఫసలీ సంవత్సరం ఉంటుంది, ఆ లెక్క అక్బరు కాలంలో మొదలైంది.

డెల్టాలో ఇలా ఉంటే, కొండల్లో కంపెనీకి ఇంకా చవక దారి దొరికింది. రంపలో మన్సబుదారు ఉన్నాడు కదా, అతన్నే ఉంచారు. 1813లో రాంభూపతి దేవ్‌తో ఒప్పందం చేసుకున్నారు: పేష్కషు కట్టక్కర్లేదు, కొండల్లో గొడవలు లేకుండా చూస్తే చాలు. ఇప్పుడు పైన చెప్పింది గుర్తు చేసుకోండి. ఢిల్లీలో మన్సబు అంటే వారసత్వం లేని, బదిలీ అయ్యే కొలువు. రంపలో అది తరతరాల ఆస్తి అయిపోయింది. అడిగే పాదుషా లేడు, కింద ముఠాదార్లు, వాళ్ళ కింద మన కొండరెడ్లు, కోయలు. 1857 తిరుగుబాటు అణిగాక చివరి పాదుషా బహదూర్ షాని రంగూను పంపేశారు, 1862లో అక్కడే పోయాడు. సామ్రాజ్యం పేరుకి కూడా మిగల్లేదు. రంపలో మాత్రం మన్సబుదారు చిగురుపన్ను వసూలు చేస్తూనే ఉన్నాడు.

చిగురుపన్ను అంటే కల్లు గీసుకున్నందుకు కట్టే పన్ను. దానిమీద సర్కారు కొత్త ఆబ్కారీ రూలు తెచ్చి, ఇంట్లో తాగడానికి కూడా కల్లు గియ్యకూడదంది. ఎండాకాలం కొండల్లో జీలుగు కల్లు సగం తిండి అని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంకోపక్క మైదానం వ్యాపారులు అప్పులిచ్చి, కోర్టు డిక్రీలు పట్టుకొచ్చి పశువుల్ని తోలుకుపోయేవాళ్ళు. 1879 మార్చిలో చోడవరం వైపు రగిలింది. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య ముందు నిలబడ్డారు. మన్యం అంతా పాకింది, అణచడానికి సైన్యాలు దింపాల్సొచ్చింది. మన దృష్టిలో మొఘల్ పదవుల్లో ఆఖరిదాన్ని దించింది ఇంగ్లీషువాడు కాదు, వీళ్ళే. తిరుగుబాటు దెబ్బకే సర్కారు మన్సబుదారుని తీసేసింది.

తీసేసి ముఠాదార్లకి నేరుగా సనదులు ఇచ్చింది. సనదు కూడా పాత కొలువు మాటే, చూడండి. ఆ ముఠాలు 1969 రెగ్యులేషన్‌తో గానీ రద్దు కాలేదు. 1/70 గురించి మనం అంతా మాట్లాడతాం, దానికి ముందు ఏడాది వచ్చిన ఈ ముఠాల రద్దు గురించి మన గ్రూపులో ఒక్క పోస్టు లేదు. రైత్వారీ పట్టాలు ఆ తర్వాతే మొదలయ్యాయి. పోడు గొడవ మాత్రం 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా తెగలేదు.

రంపచోడవరం, మారేడుమిల్లి వైపు నుంచి వచ్చి అమలాపురంలో చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు పెద్దవాళ్ళని అడగండి: మన ఊరు ఏ ముఠా కింద ఉండేది, భూమికి పట్టా ఏ ఏడు వచ్చింది, ఎవరి పేరున వచ్చింది. తెలిసినంత గ్రూపులో రాయండి, ముఠాల వారీగా ఒకచోట పెడదాం.