వేగమా, భావమా? గిటార్ వాదన చరిత్రలో ఒక పాత వివాదం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• గిటార్ వాదనలో వేగాన్నీ భావాన్నీ ఎదురెదురుగా నిలబెట్టే వాదం ఏయే సందర్భాలలో తలెత్తిందో వివరించగలుగుతారు.
• వాద్య నిర్మాణంలో వచ్చిన మార్పులకూ, వాదన పద్ధతులకూ ఉన్న సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
• ఒక కళాకారుడికి దక్కిన ప్రశంసను కూడా చారిత్రక ఆధారంగా పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

గిటార్ గురించి నలుగురు మాట్లాడుకునే చోట ఒక వాదం తప్పకుండా వస్తుంది. వేగంగా వాయించేవాడిని ఒకరు మెచ్చుకుంటే, "వేళ్లు పరుగెత్తుతున్నాయి కాని మనసు కదలడం లేదు" అని ఇంకొకరు పెదవి విరుస్తారు. ఇటువంటి మాట మన సంగీత సభలలో కూడా మీరు వినే ఉంటారు. మూడో కాలంలో స్వరకల్పన కురిపించిన విద్వాంసుడికి చప్పట్లు మోగుతాయి. వెనక వరసలో కూర్చున్న పెద్దాయన మాత్రం "లెక్క బాగానే ఉంది, రాగం ఏదీ?" అంటాడు.

ఇది అభిరుచికి సంబంధించిన తగాదా కదా, దీనికి చరిత్ర ఏమిటి అని మీరు అడగవచ్చు. దీనికి చరిత్ర ఉంది. వాద్యం మారినప్పుడు, వినే స్థలం మారినప్పుడు, సంగీతాన్ని అమ్మే పద్ధతి మారినప్పుడు ఈ వివాదం కొత్త రూపంలో తలెత్తింది. తలెత్తిన ప్రతిసారీ కొందరికి కౌశలాన్నీ, మరికొందరికి హృదయాన్నీ పంచిపెట్టింది. ఆ పంపకం ఎంతవరకు నిజం? దానివల్ల ఎవరికి నష్టం జరిగింది? ఈ పాఠంలో మనం పరిశీలించే ప్రశ్నలు ఇవే.

2. ఆరిపోయే నాదం: వేలికొన, గోరు

ముందుగా వాద్యం స్వభావాన్ని తెలుసుకుందాం. వయొలిన్ మీద కమాను నడుస్తున్నంతసేపు నాదం నిలుస్తుంది. గాయకుడికి ఊపిరి ఉన్నంతసేపు స్వరం నిలుస్తుంది. గిటార్ సంగతి అలా కాదు. తీగను మీటగానే పుట్టిన నాదం ఆ క్షణం నుంచే తగ్గిపోతూ ఉంటుంది. గిటార్ వాదకులు కనిపెట్టిన పద్ధతులలో చాలావాటిని ఈ లోటును పూడ్చుకునే ప్రయత్నాలుగా చూడవచ్చు.

19వ శతాబ్దం ఆరంభానికి ఆరు ఒంటి తీగల గిటార్ ఐరోపాలో స్థిరపడింది. ఆ కాలంలో స్పెయిన్‌కు చెందిన ఇద్దరు ప్రసిద్ధ వాదకులు ఫెర్నాండో సోర్ (1778–1839), డియోనిసియో అగువాదో (1784–1849). సోర్ వేలికొన చర్మంతో మీటేవాడు. అందువల్ల నాదం గుండ్రంగా, మెత్తగా వచ్చేది. అగువాదో గోళ్లతో మీటేవాడు. దానివల్ల నాదం స్పష్టంగా, గట్టిగా వినిపించేది. వేగంగా సాగే స్వరాల వరసలకు అది అనుకూలం. సోర్ 1830లో పారిస్‌లో ప్రచురించిన బోధన గ్రంథంలో గోటి నాదాన్ని విమర్శించాడు. అయినా అగువాదో ప్రతిభను గుర్తించాడు. వీరిద్దరూ శత్రువులు కారు. ఇద్దరూ కలిసి వాయించడానికి సోర్ ఒక యుగళ రచన చేసి, దానికి 'ఇద్దరు మిత్రులు' అని పేరు పెట్టాడు.

ఈ ఉదాహరణను జాగ్రత్తగా గమనించండి. ఇద్దరి మధ్య భేదం పైకి వేగానికీ భావానికీ మధ్య పోటీలా కనిపిస్తుంది. నిజానికి ఇద్దరూ ఒకే సమస్యకు, అంటే చిన్నదిగా పుట్టి త్వరగా ఆరిపోయే నాదానికి, వేరువేరు పరిష్కారాలు వెతికారు.

అదే సమస్యకు ఫ్రాన్సిస్కో తార్రెగా (1852–1909) చూపిన పరిష్కారం మరింత ఆసక్తికరమైనది. గ్రనడాలోని అల్హంబ్రా కోటను స్మరిస్తూ ఆయన చేసిన రచనలో బొటనవేలు మంద్ర స్వరాలను పలికిస్తుంది. మిగిలిన మూడు వేళ్లు ఒకదాని వెంట ఒకటి ఒకే తీగను చకచకా మీటుతాయి. ఒక దెబ్బ నాదం ఆరిపోయేలోపు తరవాతి దెబ్బ పడుతుంది. దాంతో వినేవారికి విడివిడి దెబ్బలు కాక, సన్నగా వణుకుతూ సాగే ఒక నిలకడైన స్వరం వినిపిస్తుంది. వేళ్లు ఎంత వేగంగా కదులుతున్నా రాగం మాత్రం తీరుబడిగా, దిగులుగా నడుస్తుంది. ఇక్కడ వేగం భావానికి అడ్డు కాదు. ఆ వేగం లేకపోతే ఆ భావమే లేదు. ఇంతటి వాదకుడు జీవితపు చివరి సంవత్సరాలలో గోళ్లు తీసేసి వేలికొనలతో వాయించడం మొదలుపెట్టాడు. సోర్, అగువాదోల మధ్య సాగిన చర్చ ఇక్కడ ఒకే మనిషి చేతులలో సాగింది.

ఆలోచించండి: తార్రెగా రచనను వీలైతే రెండుసార్లు వినండి. మొదటిసారి పై స్వరాన్ని మాత్రమే, రెండోసారి బొటనవేలు పలికించే మంద్ర స్వరాలను మాత్రమే గమనించండి. మీకు తోచిన తేడాను రెండు వాక్యాలలో రాయండి.

3. కష్టాన్ని దాచిన ప్రశంస

ఇప్పుడు అమెరికా దక్షిణ ప్రాంతానికి వెళదాం. మిసిసిపీ పత్తి పొలాలలో పనిచేసిన నల్లజాతి ప్రజల మధ్య ఎదిగిన గానరీతిని 'బ్లూస్' అంటారు. భావమే ప్రాణమని చెప్పదలచినవారు ఎక్కువగా ఉదాహరించేది ఈ సంగీతాన్నే. ఈ ప్రశంస వెనక ఒక చిక్కు ఉంది. అది తెలియాలంటే రాబర్ట్ జాన్సన్ (1911–1938) కథ చూడాలి.

జాన్సన్ మొదట్లో గిటార్ సరిగ్గా వాయించలేకపోయేవాడని, కొంతకాలం కనిపించకుండా పోయి తిరిగి వచ్చేసరికి అందరినీ ఆశ్చర్యపరిచాడని అతని సమకాలీనుడైన సన్ హౌస్ చాలా ఏళ్ల తరవాత గుర్తు చేసుకున్నాడు. ఈ మార్పుకు జనం ఒక కథ అల్లారు. అర్ధరాత్రి నాలుగు దారుల కూడలిలో సైతానుకు ఆత్మను అమ్ముకుని జాన్సన్ విద్య సంపాదించాడన్నది ఆ కథ. పరిశోధకుల అన్వేషణలో తేలింది మరొకటి. ఆ కాలంలో అతడు ఐక్ జిమ్మర్‌మన్ అనే గిటార్ వాదకుడి దగ్గర ఉండి నేర్చుకున్నాడు. గురుశిష్యులు రాత్రివేళ నిశ్శబ్దం కోసం శ్మశానంలో కూర్చుని సాధన చేసేవారని జిమ్మర్‌మన్ కుటుంబసభ్యులు చెప్పారు.

జాన్సన్ 1936, 1937 సంవత్సరాలలో 29 పాటలు రికార్డు చేశాడు. వాటిలో ఒకే గిటార్ మీద మంద్ర స్వరాల నడక, పై తీగల పలుకు, లయ ఒకేసారి వినిపిస్తాయి. ఇది ఎంతో సాధన చేస్తే తప్ప పట్టుబడని పని. అయినా ఆ విద్యను కొందరు సైతానుకు, కొందరు 'సహజమైన బాధ'కు అంటగట్టారు. గురువు, సాధన, రాత్రుల శ్రమ మాత్రం కథలోంచి జారిపోయాయి. ఐరోపాలో పగనీని వయొలిన్ విద్య వెనకా సైతాను ఉన్నాడని జనం చెప్పుకున్నారు. కాని పగనీనిని మహా కౌశలం గల విద్వాంసుడని కూడా రాశారు. నల్లజాతి కళాకారుడి విషయంలో ఆ రెండో మాట చాలాకాలం వినిపించలేదు. అతడిది శిక్షణ లేని హృదయమే అన్నట్లు మెచ్చుకున్నారు. ఒకరి భావాన్ని పొగుడుతూనే అతని పనితనాన్ని చెరిపివేయవచ్చు అనడానికి ఇది నిదర్శనం.

బి.బి. కింగ్ (1925–2015) విషయంలో ఇది మరింత స్పష్టమవుతుంది. విద్యుత్ గిటార్ 1930లలో వ్యాప్తిలోకి వచ్చింది. ఆంప్లిఫయర్ వల్ల స్వరం పెద్దదై, ఎక్కువసేపు నిలిచింది. దాంతో ఒకే స్వరాన్ని పట్టుకుని వంచడానికి, ఊపడానికి వాదకుడికి వ్యవధి దొరికింది. కింగ్ బంధువు బుక్కా వైట్ తీగ మీద లోహపు గొట్టాన్ని జార్చి వాయించేవాడు. ఆ విద్య తనకు పట్టుబడక, ఆ ధ్వనిని వేళ్లతోనే రాబట్టాలని కింగ్ ప్రయత్నించాడు. ఆ ప్రయత్నంలో ఎడమచేతి చూపుడువేలిని ఆధారంగా చేసుకుని మణికట్టును ఆడించే కంపనం రూపుదిద్దుకుంది. "కింగ్ తక్కువ స్వరాలతో మనసును కదిలిస్తాడు, అతనికి టెక్నిక్‌తో పనిలేదు" అనే మాట తరచుగా వింటాం. ఆ కంపనమే టెక్నిక్. దాని వేగాన్నీ వెడల్పునూ అదుపులో పెట్టడం స్వరాల వరసను పరుగెత్తించడం కన్నా తేలిక ఏమీ కాదు.

4. కొలతకు దొరికే వేగం

వేగానికి ఉన్న ప్రత్యేకత ఏమిటంటే దానిని లెక్కపెట్టవచ్చు. మేల్జెల్ 1815లో మెట్రోనోమ్‌కు పేటెంట్ పొందాడు. అప్పటినుంచి లయను అంకెలలో చెప్పడం వాడుకలోకి వచ్చింది. నిమిషానికి 120 దెబ్బలు, ఒక్కో దెబ్బకు 4 స్వరాలు అయితే సెకనుకు 8 స్వరాలు. ఈ రోజు 8, రేపు 10 అంటూ ప్రగతిని రాసుకోవచ్చు, పోటీలు పెట్టవచ్చు, పాఠాలు అమ్మవచ్చు. భావానికి అటువంటి అంకె లేదు. అందువల్ల వేగం పోటీకి వస్తువైతే, భావం వాదానికి ఆయుధమయింది. లెక్క లేనిదాన్ని తనకు ఉందని ఎవరైనా చెప్పుకోవచ్చు, ఎదుటివారికి లేదని ఎవరైనా అనవచ్చు.

ఎడ్డీ వాన్ హేలెన్ (1955–2020) బృందం 1978లో విడుదల చేసిన మొదటి ఆల్బంలో 1 నిమిషం 42 సెకన్ల గిటార్ వాదన ఒకటి ఉంది. అందులో అతడు రెండు చేతుల వేళ్లతోనూ మెట్ల మీద తీగలను కొట్టి స్వరాలు పలికించాడు. ఈ పద్ధతి అంతకుముందూ ఉంది. దానిని యువతరానికి తప్పనిసరి విద్యగా మార్చింది మాత్రం ఈ రికార్డే. 1984లో స్వీడన్‌కు చెందిన ఇంగ్వే మాల్మ్‌స్టీన్, బాఖ్, పగనీనిల ప్రభావంతో రూపొందించిన అతివేగ శైలితో ముందుకు వచ్చాడు. గిటార్ పత్రికలు, బోధన క్యాసెట్‌లు, వీడియోలు ఈ వేగాన్ని ఇంటింటికీ చేర్చాయి.

వీటన్నిటి వెనక ఉన్నదీ ఆంప్లిఫయరే. వేలు తీగను తేలికగా తాకినా స్వరం గట్టిగా పలుకుతుంది కనుక వేళ్లకు బలం కన్నా చురుకుదనం ముఖ్యమయింది. బి.బి. కింగ్‌కు ఒక్క స్వరాన్ని నిలపడానికి సాయపడిన సాధనమే వాన్ హేలెన్‌కు వంద స్వరాలు దొర్లించడానికి సాయపడింది. రెండు 'వర్గాలు' ఒకే యంత్రం సంతానం.

1991లో నిర్వాణ బృందం ఆల్బం విజయంతో గాలి మారింది. దానిలో అన్నిటికన్నా ప్రసిద్ధమైన పాటలో కర్ట్ కోబెయిన్ తాను పాడిన వరసనే గిటార్ మీద దాదాపు అలాగే వాయించాడు. నిన్నటి వరకు వేగం గొప్ప అన్న మార్కెట్, నేడు సరళతే నిజాయితీ అంది. ఒకప్పుడు వేగం రాక సిగ్గుపడిన విద్యార్థి, తరవాత వేగం ఉన్నందుకు సిగ్గుపడవలసి వచ్చింది.

5. పాలకొల్లు నుంచి ఒక నిదర్శనం

ఈ చర్చకు తెలుగునేలతో నిజమైన సంబంధం ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) గిటార్‌కు దగ్గరి చుట్టమైన మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించాడు. మాండొలిన్ నాదం గిటార్ కన్నా త్వరగా ఆరిపోతుంది. దాని తీగలు జంటలుగా ఉంటాయి కాబట్టి లాగి గమకం పలికించడం కష్టం. ఆ వాద్యం కర్ణాటక సంగీతానికి పనికిరాదని సంప్రదాయవాదులు శంకించడానికి కారణం ఉంది. శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్ తీసుకుని, జంట తీగల స్థానంలో ఐదు ఒంటి తీగలు కట్టుకున్నాడు. ఆంప్లిఫయర్ నాదాన్ని నిలిపింది, ఒంటి తీగ గమకానికి లొంగింది. చిన్నతనంలో ఆయన వేగాన్ని చూసి జనం అబ్బురపడ్డారు. అయితే వాద్యాన్ని మార్చుకోవడంలో ఆయన వెతికింది వేగాన్ని మాత్రమే కాదు, గమకాన్ని. 1998లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

ఆయనతో కలిసి వాయించిన ఇంగ్లండ్ గిటార్ వాదకుడు జాన్ మెక్‌లాఫ్లిన్ అంతకుముందే, 1970లలో, వీణ నేర్చుకున్నాడు. వీణ మెట్లు ఎత్తుగా ఉంటాయి, వాటి మీద తీగను పక్కకు లాగి గమకం పలికిస్తాం. అటువంటి వీలు కోసం ఆయన తన గిటార్ మెట్ల మధ్య చెక్కను గుల్లగా చెక్కించుకున్నాడు. వేగానికి పేరుపడ్డ మాల్మ్‌స్టీన్ గిటార్ మెట్ల మధ్య కూడా చెక్క అలాగే గుల్లగా ఉంటుంది. పనిముట్టు ఒకటే. దాన్ని చూసి వాదకుడు ఏ పక్షంవాడో చెప్పడం సాధ్యం కాదు.

6. చరిత్ర విద్యార్థి గమనించవలసినది

పై ఉదాహరణల నుంచి మనం మూడు విషయాలు గ్రహించవచ్చు. మొదటిది, ప్రతి వాదన పద్ధతీ ఏదో ఒకటి పలికించాలనే అవసరం నుంచి పుట్టింది. ఆ అవసరాన్ని మరచి పద్ధతిని మాత్రమే అనుకరించినప్పుడు అది డొల్లగా వినిపిస్తుంది. ఈ మాట వేగానికి ఎంత వర్తిస్తుందో, నెమ్మదిగా వంచి ఊపే స్వరానికీ అంతే వర్తిస్తుంది. రెండోది, 'భావం ఉంది', 'భావం లేదు' అనే తీర్పు వాదకుడి గురించి ఎంత చెబుతుందో, తీర్పు చెప్పినవారి కాలం గురించీ అంతే చెబుతుంది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. నిందలాగే ప్రశంసనూ ప్రశ్నించాలి. ఒక నేతగాడినో, జానపద గాయకుడినో, డప్పు కళాకారుడినో "వాళ్లకు అది పుట్టుకతోనే వస్తుంది" అని ఎవరైనా మెచ్చుకున్నప్పుడు, ఆ మాట ఎన్నేళ్ల శిక్షణను కప్పిపుచ్చుతున్నదో అడగడం మీ బాధ్యత.

7. సారాంశం

గిటార్ చరిత్రలో వేగం, భావం రెండు వేరువేరు దారులు కావు. ఆరిపోయే నాదంతో సోర్, అగువాదో, తార్రెగా చేసిన పోరాటం, విద్యుత్ గిటార్ తెచ్చిన అవకాశాలు, మార్కెట్ మార్చిన అభిరుచులు ఈ వివాదానికి రూపం ఇచ్చాయి. వేగం కొలతకు దొరికింది కాబట్టి పోటీకి వస్తువయింది. భావం కొలతకు దొరకలేదు కాబట్టి కొందరి శ్రమను దాచే ముసుగయింది. ఈ రెంటినీ విడదీసి చెప్పే మాట ఎదురైనప్పుడు, అది ఎవరు, ఎప్పుడు, ఎవరి గురించి అన్నారో ముందుగా చూడండి.

అభ్యాస ప్రశ్నలు

1. తార్రెగా అల్హంబ్రా రచనలో వేగం భావానికి ఎలా తోడ్పడుతుందో వివరించండి.
2. రాబర్ట్ జాన్సన్ గురించిన సైతాను కథ ఏ వాస్తవాలను మరుగుపరిచింది?
3. మీ ఊరిలో లేదా మీ కుటుంబంలో చేతిపనిలోనో కళలోనో నేర్పు ఉన్న ఒకరిని కలిసి, వారు ఎవరి దగ్గర, ఎంతకాలం, ఎలా నేర్చుకున్నారో అడిగి ఒక పేజీకి మించకుండా రాయండి.