ఎనిమిది వేలలో ఒకటి

పదో తరగతిలో పరమాణువు పాఠానికి నేను గీసిన బొమ్మలో ఆరు బాణాలుండేవి. నాలుగు బంగారు రేకులోంచి తిన్నగా పోయేవి, ఒకటి పక్కకి వంగేది, ఒకటి వెనక్కి తిరిగేది. మాస్టారు పూర్తి మార్కులు వేశారు. ఆ బొమ్మ ప్రకారం ప్రతి ఆరు ఆల్ఫా కణాల్లో ఒకటి వెనక్కి రావాలి! అసలు లెక్క ఎంతో, దాన్ని ఎవరు ఎలా తేల్చారో ఇంజనీరునయ్యాక గాని నాకు తెలియలేదు.

1909, మాంచెస్టర్. రూథర్‌ఫర్డ్‌కి అప్పటికే నోబెల్ వచ్చింది, అదీ రసాయనశాస్త్రంలో. ఆయన దగ్గర పనిచేస్తున్న హాన్స్ గైగర్, ఎర్నెస్ట్ మార్స్‌డెన్ అనే ఇరవయ్యేళ్ల విద్యార్థికి ఏదైనా చిన్న పరిశోధన ఇద్దామన్నాడు. లోహానికి తగిలి ఆల్ఫా కణాలు వెనక్కి వస్తాయేమో చూడమన్నాడు రూథర్‌ఫర్డ్. వస్తాయన్న ఆశ ఆయనకీ లేదు.

ఈ ప్రయోగంలో లెక్కపెట్టింది యంత్రం కాదు, కన్ను. ముందు చూపు అలవాటు పడేదాకా చీకట్లో కూర్చోవాలి. తర్వాత సూక్ష్మదర్శినిలోంచి జింక్ సల్ఫైడ్ తెరని చూస్తూ, కణం తగిలినప్పుడల్లా మిణుక్కుమనే మెరుపుని ఒక్కొక్కటిగా లెక్కించాలి. ఇలాంటి లెక్కకే కూర్చుని రెండు నిమిషాల్లో లేచిపోయానని రూథర్‌ఫర్డ్ అంతకుముందు ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. గైగర్ మాత్రం రాత్రంతా కూర్చునే రకం.

కణాలు వెనక్కి వచ్చాయి. ప్లాటినం మీద కొలిస్తే సుమారు 8,000కి ఒకటి.

ధనావేశం పరమాణువంతా పరుచుకుని ఉంటుందని థామ్సన్ నమూనా. అందులోనూ కణం కొద్దికొద్దిగా వంగుతుంది. కానీ అలాంటి చిన్న వంపులన్నీ ఒకవైపే కలిసొచ్చి కణాన్ని వెనక్కి తిప్పే అవకాశం దాదాపు సున్నా. 8,000కి ఒకటి అంటే, ఆ లెక్కలో చాలా ఎక్కువ! రూథర్‌ఫర్డ్‌కి దారి దొరకడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. ఒక్క పరమాణువే కణాన్ని అంతగా మళ్లించాలంటే, ఆవేశం దాని మధ్యలో అతి చిన్న చోట పోగుపడి ఉండాలి. 1911 వ్యాసంలో ఆయన రాసింది ఇదే. మనం బట్టీపట్టిన 'కేంద్రకం' అన్న మాట అందులో లేదు. ఆ ఆవేశం ధనమో ఋణమో కూడా అప్పటికి తేల్చలేదు.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి పని. ఏ కోణంలో ఎన్ని కణాలు రావాలో రూథర్‌ఫర్డ్ సూత్రం ముందే చెబుతుంది. గైగర్, మార్స్‌డెన్ మళ్లీ చీకట్లో కూర్చుని, 5 డిగ్రీల నుంచి 150 డిగ్రీల దాకా లక్షకు పైగా మెరుపులు లెక్కపెట్టారు. సూత్రం నిలబడింది. అది 1913. మన ప్రశ్నపత్రాల్లో మాత్రం అది 'రూథర్‌ఫర్డ్ ప్రయోగం'.

మరుసటి ఏడే యుద్ధం మొదలైంది. గైగర్ జర్మన్ ఫిరంగి దళంలో పనిచేశాడు. మార్స్‌డెన్ బ్రిటిష్ వైపున, ఫ్రాన్స్‌లో, శబ్దాన్ని బట్టి జర్మన్ ఫిరంగులు ఎక్కడున్నాయో కనిపెట్టే దళంలో పనిచేశాడు.