చిగుళ్ళు జారితే: బొగ్గుపొడి నుంచి అతుకు దాకా

కడప జిల్లా దువ్వూరు చుట్టుపక్కల పల్లెల్లో ఒకప్పుడు నోటి వైద్యమంతా వేపపుల్లతోనో కానుగపుల్లతోనో సాగేది. పుల్ల కొనను నమిలి కుంచెలా చేసుకుని తోమేవారు, తర్వాత దాన్నే చీల్చి నాలుక గీసుకునేవారు. పుల్ల దొరకని పూట బొగ్గుపొడి, ఉప్పు, పిడక బూడిద ఉండనే ఉన్నాయి. చిగురు వాస్తే ఉప్పునీళ్ళు పుక్కిలించేవారు, పంటి కింద లవంగం పెట్టుకునేవారు. వాపు, నొప్పి తగ్గేవి. జారిన చిగురు మాత్రం పైకి వచ్చేది కాదు. పైగా గరుకు పొడితో గట్టిగా రుద్దడమే చిగుళ్ళు జారడానికి ఒక కారణం. పొగాకు నమలడం, పేరుకున్న గార మిగతా పని కానిచ్చేవి.

సుశ్రుతసంహిత దంతమూలాలకు 15 రోగాలు చెప్పింది. అంటే చిగుళ్ళ జబ్బులను పంటి జబ్బుల నుంచి విడదీసి చూడడం మన దగ్గర పాతదే. జారిన చోట అతుకు వేయడం మాత్రం కొత్త విద్య. అంగిలి నుంచి పలుచని పొర తీసి చిగురుకు కుట్టే పద్ధతి 1960లలో స్థిరపడింది. పైపొర కింది కణజాలాన్ని వాడే మెరుగైన పద్ధతిని 1985లో లాంగర్ ద్వయం వివరించింది. అదే ఏడు మిల్లర్ అనే దంతవైద్యుడు జారుడును నాలుగు తరగతులుగా విడదీశాడు. పళ్ళ నడుమ ఎముక, చిగురు నిలిచి ఉంటే, చిగురు జారి బయటపడ్డ వేరును పూర్తిగా కప్పవచ్చు, అవి కరిగితే ఆశ తగ్గుతుంది.

కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల వచ్చాక ఈ ప్రాంతానికి ఆ చికిత్స దగ్గరైంది. అయితే అందరికీ కత్తి అక్కర్లేదు. జారుడు కొద్దిగానే ఉండి ముదరకపోతే గార తీయించి, మెత్తని బ్రష్‌కు మారి, జివ్వుమనకుండా ఫ్లోరైడ్ పూత వేయించుకుంటే చాలు.